కరోనా బ్యాచ్ అని నవ్వకండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల ఉగాది సభలో పంచాంగ శ్రవణం అయ్యాక ఒక స్కిట్ వేశారు. ఉద్యోగం ఇంటర్వ్యూకి ఒక కుర్రాడొస్తాడు. ఏ సంవత్సరం పాసయ్యావని అడిగితే "కరోనా బ్యాచ్ సార్, పరీక్ష రాయకుండానే పాసైపోయాం" అంటాడు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మాస్కులు తగిలించుకుని పారిపోతారు. హాలు హాలంతా నవ్వింది.

నేనప్పుడు వెనక పులిహోర కౌంటర్ దగ్గరున్నాను. నా పక్కన గరిటె పట్టుకుని నిలబడ్డ అబ్బాయి గుంటూరు నుంచి ఎంఎస్ చదవడానికి వచ్చినవాడు. పొద్దున ఆరింటి నుంచీ బల్లలు మోశాడు, కుర్చీలు వేశాడు, తోరణాలు కట్టాడు. 2021లో ఇంటర్ రెండో సంవత్సరం చదివాడు. ఆ జూన్ 24న పరీక్షలు రద్దయిన పిల్లల్లో ఒకడు. అందరితో పాటు తనూ నవ్వాడు. ఆ తర్వాత క్యూలో ఎవరూ లేకపోయినా గిన్నెలో పులిహోరని అటూ ఇటూ కలుపుతూనే ఉన్నాడు.

స్కిట్ రాసినవాళ్లు నాకు కావలసినవాళ్లే. చెడు ఉద్దేశంతో రాయలేదని తెలుసు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ రోజుల్లో నేను అమెరికాలో లేను. విజయవాడ సత్యనారాయణపురంలో, మా అక్క వాళ్లింట్లో ఉన్నాను.

2020 మార్చిలో నాన్నగారి సంవత్సరీకానికి వెళ్లాను. రెండు వారాల్లో వెనక్కి రావాలి. 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే విమానాలు బంద్, 25 నుంచి లాక్‌డౌన్. ఇరవై ఒక్క రోజులే అన్నారు. చిక్కుకుపోయినవాళ్ల కోసం ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానంలో నాకు సీటు దొరికేసరికి జూన్ ఆఖరయింది. మూడు నెలలు రెండు గదుల పోర్షన్‌లో ఐదుగురం. అమ్మ, అక్క, బావగారు, నేను, పదో తరగతి చదువుతున్న అక్క కూతురు.

దానికి పబ్లిక్ పరీక్షలు మొదట మార్చి 23 నుంచి అన్నారు. స్థానిక ఎన్నికల కోసం 31కి జరిపారు. తీరా చూస్తే ఎన్నికలూ వాయిదా పడ్డాయి, పరీక్షలూ వాయిదా పడ్డాయి. హాల్ టికెట్, కొత్త అట్ట, రబ్బరు బ్యాండు వేసిన నాలుగు పెన్నులు అప్పటికే సిద్ధం. కొండ మీద దుర్గమ్మ పాదాల దగ్గర పెట్టించి తెద్దామనుకున్నారు. దర్శనాలు ఆపేశారు కదా, ఇంట్లోనే దేవుడి అలమరలో పెట్టి, అక్క ఒక్కో పెన్నుకీ కుంకుమ బొట్టు పెట్టింది.

ఆ పెన్నులు అక్కడే ఉండిపోయాయి. ఏప్రిల్ గడిచింది, మే వచ్చింది. బెజవాడ ఎండలు తెలుసుగా, రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కేవి. దాని టైమ్‌టేబుల్ కాగితం బీరువా తలుపుకి అంటించి ఉండేది. ఎవరో ఏదో తేదీ చెప్పగానే పాత తేదీలు కొట్టేసి కొత్తవి రాసేది. చివరికి ఆ కాగితంలో రాయడానికి చోటు లేకుండా పోయింది.

అక్క ఏ లోటూ చేయలేదు. రోజుకి ఆరుసార్లు "తిన్నావా అమ్మలూ" అని అడిగేది. మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం ఉల్లిపాయ వేసిన దోసె. నున్న మామిడి మార్కెట్‌కి వెళ్లే వీల్లేక, వీధిలోకి వచ్చిన బండి మీద కాయలు కొని మరీ ఆవకాయ పెట్టింది. మన ఇళ్లలో ప్రేమంటే ఇదే, దీన్ని తక్కువ చేసే ధైర్యం నాకు లేదు. కానీ "తిన్నావా" తర్వాత అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది. "ఎలా ఉన్నావు?" అని. ఆ మాట ఆ ఇంట్లో ఎవరమూ అడగలేదు. బావగారు పొద్దున్నే టీవీలో బులెటిన్ పెద్ద సౌండ్‌తో పెట్టేవారు. కృష్ణలంకలో ఎన్ని కేసులు, కార్మికనగర్‌లో ఎన్ని, గుంటూరులో ఎన్ని, నరసరావుపేటలో ఎన్ని. ఆ లెక్కలు అయ్యాక "ఖాళీయేగా, ఇంకోసారి రివిజన్ చెయ్యి" అనేవారు. "ఇంట్లోనే ఉన్నావుగా, నీకు టెన్షన్ ఏంటి" అని నేనే ఒకసారి అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

ఏప్రిల్ నెలాఖర్లో ఒక రాత్రి మంచినీళ్లకి లేచాను. మంచం మీద పిల్ల లేదు. డాబా ఎక్కి చూస్తే వాటర్ ట్యాంకు పక్కన మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఏదో గొణుక్కుంటోంది. సోషల్ జవాబులు. కళ్లు మూసుకుని, వేళ్లు మడుస్తూ పాయింట్లు చెప్పుకుంటోంది. టైము రెండు దాటింది. పక్కన కూర్చున్నాను.

"మర్చిపోతానేమోనని భయంగా ఉంది పిన్నీ. ఎప్పుడు పెడతారో చెప్తే అప్పటిదాకా గుర్తుపెట్టుకుంటాను" అంది.

ఆ పిల్ల మూడు వారాలుగా సరిగా నిద్రపోవడం లేదని అప్పుడు తెలిసింది. ప్రాణ స్నేహితురాలి ఇల్లు కృష్ణలంక రెడ్ జోన్‌లో ఉంది, వీధికి అడ్డంగా కర్రలు కట్టేశారు. ఆ పిల్ల ఫోన్ ఎత్తకపోతే ఏమైందోనని ఈ పిల్లకి చెమటలు. ఒక గంట మాట్లాడింది. నేను "ఊఁ" కొట్టడం తప్ప ఏమీ చేయలేదు. కిందకి దిగేటప్పుడు "ఆకలేస్తోంది" అంది.

మర్నాడు అక్కకి చెప్పాను. అన్నం తినేటప్పుడు టీవీ బంద్ అయింది. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా పుస్తకం ముట్టకూడదని బావగారే రూల్ పెట్టారు. ఆయన మనసు మంచిదే, ఎవరో ఒకరు చెప్పాలి, అంతే. ఆ గంటలో మా డాబా మీద నుంచి పక్క డాబా పిల్లలతో అంత్యాక్షరి నడిచేది. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు వచ్చేవి, అవి అయ్యాక ఆ రోజుకి చదువు చాలు. నిద్ర పట్టడానికి ఇంకో పది రోజులు పట్టింది.

జూన్ 20న పరీక్షలు రద్దు, అందరూ పాస్ అన్నారు. అక్క కేసరి చేసింది. ఫోన్లే ఫోన్లు. పిల్ల దేవుడి అలమర దగ్గరికి వెళ్లి పెన్నులు తీసుకుంది. ఎండకి రబ్బరు బ్యాండు మెత్తబడి పెన్నులకి అంటుకుపోయింది. గోరుతో గీకుతూ, గీకుతూ ఒక్కసారిగా భోరుమంది. "నేను రాసేదాన్ని పిన్నీ. బాగా రాసేదాన్ని."

స్కిట్‌లో పాత్ర చూసి మీరు నవ్వుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ గోరు.

సభ అయ్యాక నా బాధ చెబితే పెద్దాయన ఒకరు అన్నారు, "మేం 1977 దివిసీమ ఉప్పెన చూసినవాళ్లం తల్లీ. పుస్తకాలే కాదు, ఇళ్లే కొట్టుకుపోయాయి. అయినా చదువుకున్నాం. ఈ పిల్లలు సున్నితం." ఆయన అనుభవం ముందు నేను చాలా చిన్నదాన్ని. వేల ప్రాణాలు తీసిన ఆ నవంబర్ 19 రాత్రినీ దీన్నీ తూకం వేయడం పాపం. ఒక్క తేడా మాత్రం చెప్పాలి. ఉప్పెన తర్వాత మిగిలినవాళ్లు ఒకే చోట చేరారు. ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. ఊరూరి నుంచీ మనుషులు పరిగెత్తుకొచ్చారు. 2020లో మనం పిల్లలకి చెప్పిందేమిటి? ఎవరి దగ్గరికీ వెళ్లకు, ఎవరినీ ముట్టుకోకు అని. పదిహేనేళ్ల పిల్లకి స్నేహితురాలి భుజం లేకుండా చేశాం. తప్పలేదు, ఒప్పుకుంటాను. తప్పనిదైనా దెబ్బ దెబ్బే.

హాస్టళ్ల నుంచి ఇంటికొచ్చిన ఇంటర్ పిల్లల సంగతీ చెప్పాలి. ఎనికేపాడు, గూడవల్లి వైపు గదుల్లో తెల్లారకముందే స్టడీ అవర్‌కి కూర్చునే పిల్లలు రెండేళ్లలో మొదటిసారి అమ్మ పక్కన పడుకున్నారు. అక్క వాళ్ల వీధిలోనే ఒకావిడ "లాక్‌డౌన్ పుణ్యమా అని నా కొడుకు మొహం చూశాను" అంది. అదీ నిజమే. కానీ ఆ కొడుక్కి జేఈఈ ఏప్రిల్ అన్నారు, జులై అన్నారు, చివరికి సెప్టెంబర్ 1న మొదలైంది. అన్ని నెలలూ ఆ కుర్రాడు గేటు దాటలేదు.

మనం మాత్రం ఏం చేశాం? బియ్యం, సరుకులు పంపాం. 2021 మేలో ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు పంపాం. ప్రాణాలు నిలిచాయి, గర్వపడాలి. పిల్లల మనసు సంగతి ఏ కాన్ఫరెన్స్ కాల్‌లోనూ రాలేదు. వేరే ఎవరినో అనను. నేను తిరిగొచ్చాక చూస్తే మా అబ్బాయి స్కూల్ కౌన్సిలర్ రాసిన ఉత్తరాలు మూడు ఈమెయిల్‌లో తెరవకుండా ఉన్నాయి. "మీ పిల్లవాడు ఎలా ఉన్నాడు" అని అడిగే ఉత్తరాలు.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఈసారి దీపావళి సభలో ఆ పిల్లల్లో ఇద్దరికి మైకివ్వండి. ఏం జరిగిందో వాళ్లనే చెప్పనివ్వండి, పది నిమిషాలు చాలు. మన వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో సరుకుల లిస్టుతో పాటు, ఇండియాలో వాళ్ల తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ పనికొచ్చే 14416 నంబర్ పెట్టండి. అది టెలీ మానస్, మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అక్కాబావలతో మాట్లాడటం అయ్యాక ఫోన్ పిల్లలకి ఇమ్మనండి. మార్కులు అడక్కండి.

మా అక్క కూతురు బీటెక్ అయిపోయింది. ఎంఎస్‌కి ఆగస్టులో మన ఊరే వస్తోంది. దీపావళికి దాన్ని తీసుకొస్తాను, బల్లలు మోస్తుంది, పులిహోర వడ్డిస్తుంది. దాని ముందు మాత్రం ఆ స్కిట్ వేయకండి.