బోస్టన్ కప్పు ఎవరి ఖాతాలో వేయాలి?

2011లో ఐస్ హాకీ జట్టు బోస్టన్ బ్రూయిన్స్ 39 ఏళ్ల తర్వాత లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. అప్పటి జనరల్ మేనేజర్ (జీఎం) పీటర్ షరెల్లి. కప్పు గెలిపించిన జీఎం అన్న పేరు ఉండబట్టే, 2015లో బోస్టన్ తీసేసిన కొద్ది రోజులకే ఎడ్మంటన్ ఆయిలర్స్ పిలిచి కుర్చీ వేసింది. ఆ తర్వాతి నాలుగేళ్లు చూస్తే, అసలు ఐస్ హాకీ జీఎంలకు మార్కులు వేసే పద్ధతే తప్పేమో అనిపిస్తుంది.

మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్ హాకీయే కాబట్టి ముందు ఒక మాట. అమెరికా, కెనడాల్లో 32 జట్లు ఆడే ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మ్యాచ్ నడిపించేది కోచ్. ఆ కోచ్ చేతికి జట్టును తయారు చేసి ఇచ్చేది జీఎం. కొత్త కుర్రాళ్లను జట్లు వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏ కుర్రాడిని తీసుకోవాలి, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి, ఎవరికి ఎన్నేళ్లకు ఎంత రాసివ్వాలి అన్నవన్నీ ఆయనే తేల్చాలి. 2005 నుంచి సాలరీ క్యాప్, అంటే జట్టు జీతాలకు పరిమితి ఉంది. ఐపీఎల్ వేలంలో పర్సు లాంటిదే కానీ, ఇక్కడ ఎనిమిదేళ్ల కాంట్రాక్టులు కూడా రాశారు. లెక్క తప్పితే సంతకం పెట్టినాయన వెళ్లిపోయినా భారం జట్టు మీదే ఉంటుంది.

ఇక బోస్టన్ సంగతి. 2011లో కప్పు అందుకున్న కెప్టెన్ జ్డెనో చారాతో ఒప్పందం కుదిరింది 2006 జూలై 1న. బ్రాడ్ మార్షండ్‌ను, మిలాన్ లూచిచ్‌ను డ్రాఫ్ట్ చేసింది దానికి వారం ముందు. ఆ తర్వాత ఏళ్ల తరబడి గోల్ కాసిన టూకా రాస్క్‌ను టొరంటో నుంచి లాక్కొచ్చిందీ ఆ డ్రాఫ్ట్ రోజే. అప్పటికే షరెల్లిని జీఎంగా ప్రకటించారు కానీ, పాత జట్టు ఒటావా ఆయన్ని ఇంకా వదల్లేదు. బోస్టన్ కుర్చీలో ఉన్నది తాత్కాలిక జీఎం జెఫ్ గోర్టన్. ప్యాట్రిస్ బెర్జరాన్, డేవిడ్ క్రేచీ అంతకన్నా ముందే జట్టులో చేరినవాళ్లు. షరెల్లి ఊరికే కూర్చున్నాడని కాదు. కోచ్ క్లాడ్ జూలియన్‌ను తెచ్చింది ఆయనే. 2010లో ఆయన తెచ్చిన నాథన్ హోర్టన్ మరుసటి ఏడాది మాంట్రియల్ మీద, టంపా మీద సిరీస్ తేల్చే ఏడో మ్యాచ్‌ల్లో గెలుపు గోల్స్ కొట్టాడు. కానీ జట్టుకు వెన్నెముక అనదగ్గవాళ్లలో ఎక్కువమంది ఆయన వచ్చేసరికే అక్కడున్నారు.

ఎడ్మంటన్‌లోనూ అదృష్టం ఎదురొచ్చింది. డ్రాఫ్ట్‌లో మొదట ఎంచుకునే హక్కు ఎవరిదో తేల్చే లాటరీని ఆ జట్టు 11.5 శాతం అవకాశంతో గెలిచి కానర్ మెక్‌డేవిడ్‌ను ఖాయం చేసుకున్న వారంలోనే షరెల్లి చేరాడు. మరుసటి ఏడాది, 2016 జూన్ 29న, 24 ఏళ్ల టేలర్ హాల్‌ను న్యూజెర్సీకి ఇచ్చి డిఫెండర్ ఆడమ్ లార్సన్‌ను తీసుకున్నాడు. ఒకడికి ఒకడే, పైన ఇంకేమీ లేదు. రెండు రోజులకు 28 ఏళ్ల లూచిచ్‌కు ఏడేళ్లకు 4.2 కోట్ల డాలర్లు రాసిచ్చాడు. తర్వాతి సీజన్లో ఎడ్మంటన్ 2006 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. షరెల్లి ఉత్తమ జీఎం అవార్డు తుది ముగ్గురిలో నిలిచాడు. రెండేళ్లు తిరక్కముందే ఉద్యోగం పోయింది. ఈలోపు హాల్ 2018లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ ఎగరేసుకుపోయాడు.

హాల్‌కు హార్ట్ ట్రోఫీ వచ్చింది కాబట్టే ఆ ట్రేడ్ తప్పని నేననను. ఎడ్మంటన్‌కు డిఫెండర్ అవసరం ఉన్న మాట నిజం, చెల్లించిన ధర మాత్రం ఆ రోజు లెక్కన కూడా ఎక్కువే. ఇదే కొలతతో షరెల్లికి ఒక మార్కు పెంచాలి కూడా. 2017లో 21 ఏళ్ల లియాన్ డ్రైసైటిల్‌కు ఎనిమిదేళ్లకు 6.8 కోట్ల డాలర్లు ఇచ్చినప్పుడు చాలామంది నోరెళ్లబెట్టారు. 2020లో డ్రైసైటిల్‌కూ హార్ట్ ట్రోఫీ వచ్చింది. ఏటా 85 లక్షలకు అలాంటి ఆటగాడంటే కారుచౌక. ఆ లాభం అనుభవించింది షరెల్లి తర్వాత వచ్చినవాళ్లు.

లాటరీ ఓడిపోవడం కూడా ఒక్కోసారి కలిసొస్తుంది. 2016-17లో కొలరాడో 48 పాయింట్లతో అట్టడుగున నిలిచింది, అట్టడుగు జట్టుకే ఎక్కువ అవకాశముండే లాటరీలో జారి నాలుగో పిక్‌కు (ఎంపికకు) పడింది. జీఎం జో సాకిక్‌ను అభిమానులు తిట్టిపోసిన రోజులవి. ఆ నాలుగో పిక్‌తో వచ్చిన కేల్ మకార్ 2022లో కప్పు గెలిపించి ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడయ్యాడు. మొదటి పిక్ దక్కి ఉంటే మకార్‌ను తీసుకునేవారా? నాకైతే నమ్మకం లేదు.

కప్పు ఒక్కటే లెక్కయితే డాలస్ స్టార్స్ జీఎం జిమ్ నిల్‌కు సున్నా వేయాలి. ఆ జట్టు ప్రాక్టీసు చేసేది మనవాళ్లు వీధికి నలుగురుండే ఫ్రిస్కోలోనే. 2023 నుంచి 2025 దాకా వరుసగా మూడేళ్లు వెస్ట్రన్ కాన్ఫరెన్స్ ఫైనల్లో ఓడింది. ఆ మూడేళ్లూ ఉత్తమ జీఎం నిల్లే. అవార్డుకు ఓటేసేవాళ్లలో మిగతా జట్ల జీఎంలు కూడా ఉంటారు. 2017 డ్రాఫ్ట్ ఒక్కదాంట్లోనే ఆయన మీరో హైస్కనెన్, జేక్ ఆటింజర్, జేసన్ రాబర్ట్‌సన్‌లను పట్టాడు. రాబర్ట్‌సన్ దొరికింది 39వ పిక్‌కు. అంటే డాలస్ కూడా అతన్ని రెండుసార్లు వదిలేసింది! ఆ మాత్రం అదృష్టం ఎవరికైనా కావాలి.

నన్ను అడిగితే ఒక్కో నిర్ణయానికి ఒక్కో గడువు పెట్టాలి. డెట్రాయిట్‌లో జీఎం స్టీవ్ ఐజర్‌మన్ విషయమే చూడండి. టంపాలో ఆయన కట్టిన జట్టు 2020, 2021లో కప్పులు గెలిచింది, అప్పటికి ఆయన అక్కడ లేడు. 2019లో డెట్రాయిట్‌కు వచ్చిన రెండు నెలలకే ఆరో పిక్‌తో మారిట్స్ సైడర్‌ను తీసుకుంటే, పేరు వినగానే ఆ జర్మన్ కుర్రాడే నోరు తెరిచి ఉండిపోయాడు. మూడేళ్లకు ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అందుకున్నాడు. డ్రాఫ్ట్ కుర్రాళ్ల విషయంలో నాలుగైదేళ్లు ఓపిక పట్టాల్సిందే. 2022లో 31 ఏళ్ల బెన్ చెరాట్‌కు నాలుగేళ్లు రాసివ్వడం అలాంటిది కాదు, దాని సంగతి రెండు సీజన్లలో తేలిపోతుంది. ఐజర్‌మన్ వచ్చాక 2025 దాకా డెట్రాయిట్ ఒక్కసారీ ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. దానికి కారణం డ్రాఫ్ట్ కుర్రాళ్లు కాదు, వాళ్ల చుట్టూ డబ్బు పోసి తెచ్చిన సీనియర్లేనని నా లెక్క. ఆ కాంట్రాక్టుల మీద టంపా పేరు చెప్పి ఐజర్‌మన్‌కు ఇంకా గడువు ఇవ్వడంలో అర్థం లేదు.