కండెన్సర్ల తప్పు కాదని ముందే చెప్పాను!

మూడు వారాలు షాపులో ఉంచుకుని, 2,800 రూపాయలు తీసుకుని, ఈ సాయంత్రం మెకానిక్ నా వాల్వు ఆంప్లిఫయర్ (గాజు వాల్వులతో పనిచేసే పాతకాలం సెట్టు) తిరిగిచ్చాడు. ఇంటికి తెచ్చి స్విచ్ వేశాను. అదే గుయ్యిమనే మోత! ఫోన్ చేస్తే "పాత సెట్లు అంతే సార్, ఆ మాత్రం హమ్మింగ్ ఉంటుంది" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

ఇచ్చిన రోజే చెప్పాను. "మోత స్పీకర్లోంచి కాదు బాబూ, పెట్టెలోంచి వస్తోంది, వాల్యూమ్ సున్నాకి తిప్పినా అంతే" అని. అతని ముందే వాల్వులన్నీ పీకేసి, మళ్లీ ప్లగ్ పెట్టి అదే మోత వినిపించాను. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు కూడా తీసేశాక, ఆ డీసీని నిలకడ చేసే ఫిల్టర్ కండెన్సర్లకి కరెంటే వెళ్లదు. ఇంక అవెలా మోగిస్తాయి? అయినా మూడు కండెన్సర్లూ మార్చేశాడు. బిల్లు వేయాలంటే ఏదో ఒకటి మార్చాలి, అంతే.

చివరికి నేనే విప్పాను. మోగుతున్నది ట్రాన్స్‌ఫార్మర్! ఇంటి కరెంటు ఎంతుంటే అంతకి సరిపెట్టుకునే వోల్టేజ్ సెలెక్టర్ 220 మీద ఉంది. మా వీధిలో రాత్రి తొమ్మిది దాటితే మీటర్ 248 చూపిస్తుంది! 220కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్టకి అంత వోల్టేజ్ ఇస్తే దాని కోర్, అంటే లోపలి ఇనుప రేకుల దొంతర, తట్టుకోలేదు. మన 50 హెర్ట్జ్ కరెంటుకి ఆ ఇనుప రేకులు ఎలాగూ సెకనుకి వందసార్లు సాగి ముడుచుకుంటాయి, వోల్టేజ్ ఎక్కువైతే మోతా వేడీ రెండూ పెరుగుతాయి. సెలెక్టర్ 240కి మార్చాను, కోర్ బోల్టులు కాస్త బిగించాను, కింద రబ్బరు వాషర్లు వేశాను. సగానికి పైగా తగ్గిపోయింది. అరగంట పని! (మీరెవరైనా చేసేటట్టయితే జాగ్రత్త. ప్లగ్ తీశాక కూడా కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. డిశ్చార్జ్ చేయకుండా చెయ్యి పెట్టకండి.)

ఇంతలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీదకి వెళ్లగానే మళ్లీ మోత! ఇది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, కరెంటుని లైనులో వచ్చేలా నున్నటి అల (సైన్ వేవ్)గా కాక చతురస్రపు అలగా ఇస్తుంది. దీంతో ట్రాన్స్‌ఫార్మర్లూ ఫ్యాన్లూ గుయ్యిమంటాయని అమ్మినవాడు ఒక్క మాట చెప్పలేదు. సైన్ వేవ్‌ది ఇంకొంచెం ఎక్కువైనా కొనేవాణ్ణి కదా! కొనేవాడికి నిజం చెబితే వీళ్ల సొమ్మేం పోతుంది?

అసలు నా కోపం ఇవాళ్టిది కాదు. నేను ఇంటర్ చదివేటప్పుడు నాన్న వాల్వు రేడియో ఇలాగే మోగుతోందని ఒక షాపులో ఇచ్చాను. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని చెప్పి ఏదో నాసిరకంది బిగించాడు. పాతది ఇమ్మంటే పారేశామన్నాడు. అంత రాగి ఉన్నదాన్ని ఎవరైనా పారేస్తారా? కొత్తది నెల తిరక్కుండానే పొగలు కక్కింది. నాన్న ఆ రేడియోలో మళ్లీ విజయవాడ కేంద్రం వినలేదు. పాతదాన్ని పట్టుబట్టి తెచ్చుకోవాలని అప్పుడు నాకు తెలియలేదు.

ఈసారి వదలను. రేపు షాపు తెరిచే వేళకి అక్కడే ఉంటాను. తీసేసిన ఆ మూడు కండెన్సర్లూ నా చేతిలో పెట్టాలి.