సువార్తలు నైసియాలో పుట్టలేదు

బైబిల్లో యేసు కథ చెప్పే నాలుగు పుస్తకాలు, అంటే మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తల మీద క్రిస్మస్‌కో ఈస్టర్‌కో వాట్సాప్‌లో మళ్లీ లేచే ఫార్వర్డ్ ఇది: "క్రీ.శ. 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నైసియాలో సభ పెట్టి, 80 సువార్తల్లో నాలుగింటిని ఓటింగుతో తేల్చాడు. మిగతావి తగలబెట్టించాడు. ఒకే గదిలో కూర్చోబెట్టి రాయించాడు కాబట్టే అవి మాటకు మాట కలుస్తాయి." ఎంపిక చేశాడా, రాయించాడా అన్నది రాసినాయనకే తేలినట్టు లేదు.

ముందు ఓటింగు సంగతి. బిషప్పులు కూర్చున్న ఆ సభ చేసిన 20 నియమాలు ఇప్పటికీ ఉన్నాయి. బిషప్పుల నియామకం మొదలు వడ్డీకి డబ్బు తిప్పే మతగురువుల దాకా అందులో ఉన్నారు గానీ, బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు. సభ కూర్చున్నది ముఖ్యంగా యేసు తండ్రి అయిన దేవునితో సమానుడు కాదన్న అరియస్ అనే మతగురువు బోధ మీద, ఈస్టర్ తేదీ మీద. అప్పటికి దాదాపు 150 ఏళ్ల కిందటే, సుమారు 180లో, లియోన్ బిషప్ ఐరేనియస్ సువార్తలు నాలుగే అని రాశాడు. ఎందుకయ్యా అంటే దిక్కులు నాలుగు కాబట్టి అన్నాడు. వాదన తేలికే, సాక్ష్యం మాత్రం గట్టిది. పుస్తకాలన్నీ పెట్టి ప్రార్థిస్తే నకిలీవి కింద పడ్డాయన్న కథ సభ జరిగిన ఐదు వందల ఏళ్ల తర్వాత పుట్టింది.

కాన్‌స్టాంటైన్ తగలబెట్టమన్నది అరియస్ రాతల్ని.

ఇక మాటకు మాట కలవడం. ఇది నిజమే, అసలు ఆసక్తి ఇక్కడే. యోహాను సువార్త దారి వేరు. మిగతా మూడూ బాగా కలుస్తాయి. మార్కులోని విషయంలో 90 శాతానికి పైగా మత్తయిలో కనిపిస్తుంది. మార్కు 13:14లో కథకుడు మధ్యలో ఆగి "చదువువాడు గ్రహించుగాక" అంటాడు. మత్తయి 24:15లో సరిగ్గా అదే చోట అదే మాట. పక్కవాడి పేపర్ చూసి రాస్తూ హాల్ టికెట్ నంబరు కూడా దింపేసినట్టు! అంటే ఒకరి రాత ఇంకొకరి ముందుంది. అందుకే "నలుగురూ ఎవరికి వారే రాసిన సాక్షులు" అని తిరుగు ఫార్వర్డ్ పంపేవాళ్లదీ పొరపాటే. తనకు ముందు రాయడానికి "అనేకులు పూనుకొన్నారు" అని లూకా మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాడు.

మార్కులో లేకుండా మత్తయి, లూకాల్లో మాత్రమే కలిసేవి మరో 200 పైచిలుకు వచనాలు. "సర్పసంతానమా" అని బాప్తిస్మమిచ్చు యోహాను మందలించే మాటలు గ్రీకులో దాదాపు అక్షరాలా ఒకటే. వీటికి మూలంగా దొరకని పాత సంకలనం ఒకటి ఉండేదని చాలామంది పండితుల ఊహ. దానికి 'క్యూ' అని పేరు పెట్టారు. అదేమీ అక్కర్లేదు, లూకా మత్తయిని చూశాడు అనేవాళ్లూ ఉన్నారు. ఎటు చూసినా ఇది మొదటి శతాబ్దం, మహా అయితే రెండో శతాబ్దం మొదట్లో జరిగిన పని.

నిజంగా చక్రవర్తి గదిలో రాయించి ఉంటే యోసేపు తండ్రి పేరైనా సరిచూసుకునేవారు. మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ.