సీజనల్ అనిమేకి మంచి హెడ్‌ఫోన్స్ దండగ కాదు

జపాన్‌లో కొత్త అనిమేలు, అంటే అక్కడి యానిమేషన్ సిరీస్‌లు, మూడు నెలలకోసారి మొదలవుతాయి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు. చాలా షోలు పన్నెండు, పదమూడు వారాలు నడుస్తాయి. కొత్త సీజన్ వచ్చిన ప్రతిసారీ మన అనిమే గ్రూపుల్లో ఒక మెసేజ్ కూడా తిరుగుతుంటుంది. అందులో ఉండే మాటలు ఇవి: "వారం వారం అనిమే చూడటానికి మంచి హెడ్‌ఫోన్స్ కొనడం దండగ. స్ట్రీమింగ్‌లో సౌండ్ ఎలాగూ పిండేసి వస్తుంది. టీవీ అనిమేలో సౌండ్ మీద పెద్దగా పని ఉండదు. మనకు జపనీస్ రాదు, మనం సబ్‌టైటిల్స్ చదువుకుంటాం అంతే. తేడా తెలియాలంటే లక్ష రూపాయల సెట్ ఉండాలి. అంత వినాలని ఉంటే బ్లూరే వచ్చేదాకా ఆగు."

మా పిన్ని కొడుకు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మూడు నెలలు డబ్బులు కూడబెట్టి రెండు వేల రూపాయల ఇయర్‌ఫోన్స్ ఆర్డర్ పెట్టుకున్నాడు. ఈ మెసేజ్ చూసి క్యాన్సిల్ చేసేశాడు. "అన్నా, నిజమేనా ఇది? నువ్వు ఇన్నేళ్లుగా వింటున్నావు కదా" అని నన్నడిగాడు. నిజం కాదు. ఎందుకు కాదో ఒక్కొక్కటిగా చెప్తాను.

"టీవీ అనిమేలో సౌండ్ మీద పెద్దగా పని ఉండదు." అన్నిటికంటే నాకు బాధ కలిగించిన మాట ఇదే, అందుకే దీంతో మొదలుపెడుతున్నా. మామూలు సినిమా షూటింగ్‌లో కెమెరాతో పాటు కొంత శబ్దమైనా దొరుకుతుంది. అనిమేలో అదీ ఉండదు. తలుపు చప్పుడు, అడుగుల సవ్వడి, వాన, ఊపిరి, ఏదీ దానంతట అది రాదు. మీ చెవిన పడే ప్రతి శబ్దాన్నీ ఎవరో ఒకరు కూర్చుని చేర్చాల్సిందే. ఆ పని చూసుకోవడానికి సిరీస్ దర్శకుడు కాకుండా వేరే సౌండ్ డైరెక్టర్ ఉంటారు. జపాన్‌లో ఆ పదవిని ఓంక్యో కంతోకు అంటారు. టైటిల్స్‌లో ఆ పేరు విడిగా పడుతుంది. డైలాగుల రికార్డింగ్ ఎలా సాగాలి, ఏ సీన్‌లో సంగీతం రావాలి, ఎక్కడ ఆగిపోవాలి అని చూసేది వాళ్లే. డైలాగుల రికార్డింగ్‌ని అఫురెకో అంటారు. స్టూడియోలో మూడు నాలుగు మైకులు పెడతారు. నటులు తమ వంతు రాగానే మైకు దగ్గరికి నడిచి వస్తారు, పేజీ తిప్పే చప్పుడు కూడా రాకుండా స్క్రిప్టు పట్టుకుని మాట్లాడతారు. కోవిడ్‌కి ముందు ఒక ఎపిసోడ్‌లో ఉన్న నటులంతా కలిసి ఒకే గదిలో చెప్పడం మామూలు. 2020 తర్వాత చిన్న చిన్న బృందాలుగా రికార్డు చెయ్యాల్సి వచ్చింది. ఇంత ఏర్పాటున్న పనిని "పెద్దగా లేదు" అని ఎలా కొట్టిపారేస్తాం?

2022 అక్టోబరు సీజన్‌లో వచ్చిన 'బోచ్చి ది రాక్!' ఎనిమిదో ఎపిసోడ్ చూడండి. ఆ అమ్మాయిల బ్యాండ్ స్టేజీ ఎక్కి మొదటి పాట మొదలుపెడుతుంది. పాట తేలిపోతుంది. టెన్షన్‌లో ఒకరితో ఒకరికి తాళం కుదరదు, గొంతులో ధైర్యం ఉండదు. అదే పాట విడిగా విడుదలైన రికార్డింగ్‌లో చక్కగా, బిగువుగా ఉంటుంది. అంటే ఈ ఎపిసోడ్ కోసం కావాలనే తడబడుతున్నట్టు వాయించి, పాడి పెట్టారు. ఆ తర్వాత బ్యాండ్‌లోని ప్రధాన గిటారిస్ట్ హితోరి ఒక్కతే గిటార్ అందుకుంటుంది, రెండో పాటకి బ్యాండ్ అంతా ఒక్కటవుతుంది. ఎపిసోడ్ గుండె ఆ తేడాలోనే ఉంది. ఫోన్ స్పీకర్‌లో మొదటి పాట కూడా 'ఏదో రాక్ పాట' లాగే దాటిపోతుంది. ఎందుకంటే తాళం ఎక్కడ జారుతోందో చెప్పేది డ్రమ్ములు, బాస్ గిటార్. ఫోన్ స్పీకర్‌కి ఆ కింది శబ్దాలు పలికే శక్తి లేదు. నేను మొదటిసారి ఫోన్ స్పీకర్‌లోనే చూశాను. స్టేజీ కింద ఉన్నవాళ్ల ముఖాలు ఎందుకలా వాడిపోయాయో నాకు అర్థం కాలేదు. మర్నాడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే పది సెకన్లలో అర్థమైంది. దీని దర్శకుడు కెయిచిరో సైతో. మరుసటి ఏడాది 'ఫ్రీరెన్' తీసింది కూడా ఆయనే. ఆ షోలో నిశ్శబ్దాన్ని ఎంత ఓపిగ్గా నిలబెట్టారో విన్నవాళ్లకి ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా నేను ముందుకు వెళ్లలేను. క్యోటో యానిమేషన్ వాళ్ల 'సౌండ్! యుఫోనియం' మూడో సీజన్ 2024 ఏప్రిల్‌లో జపాన్ పబ్లిక్ టీవీ ఎన్‌హెచ్‌కేలో మొదలైంది. ఉజి ఊళ్లో ఒక హైస్కూల్ బ్యాండ్ కథ. యుఫోనియం అంటే ఆ బ్యాండ్‌లో ఊదే ఒక ఇత్తడి వాద్యం. మొదటి సీజన్‌కి వాయించింది సెన్‌జోకు గాకుయెన్ సంగీత కళాశాలలో మొదటి ఏడాది విద్యార్థుల బృందం. స్కూలు పిల్లల బ్యాండ్‌కి ఆ వయసుకి దగ్గరవాళ్ల ఊపిరే అతుకుతుందని నాకనిపిస్తుంది. మూడో సీజన్ పన్నెండో ఎపిసోడ్‌లో ఒక యుఫోనియం సోలో భాగం కోసం ఇద్దరమ్మాయిల మధ్య పోటీ. తెర వెనక నుంచి వాయిస్తారు. మొదట ఒకరు, తర్వాత ఒకరు. ఎవరు ఏది వాయించారో హాల్లో ఉన్న పిల్లలకి తెలియదు, మనకీ తెలియదు. చెవి ఒక్కటే ఆధారం. ఎవరు గెలిచారో ఇక్కడ చెప్పను, చూడనివాళ్లు ఉంటారు.

ఇప్పుడు లెక్క చూడండి. యుఫోనియం స్వరాల్లో ఎక్కువ భాగం మూల పౌనఃపున్యం సుమారు 100 నుంచి 450 హెర్ట్జ్ (సెకనుకి కంపనాలు) మధ్య ఉంటుంది. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ మూడు నాలుగు వందల హెర్ట్జ్ కిందికి వచ్చేసరికి బలహీనపడిపోతుంది. అంటే వాద్యం ఒళ్లంతా పోయి పైపై గీతలే వినిపిస్తాయి. మన మెదడు ఆ పై స్వరాల నుంచి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది కాబట్టి పాట పోల్చుకోగలం. కానీ ఇద్దరిలో ఎవరి నాదం నిండుగా ఉంది, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకున్నారు అన్నది ఊహకి అందదు. ఆ సీన్ నేను నాలుగుసార్లు విన్నాను, కళ్లు మూసుకుని రెండుసార్లు. ఇద్దరూ బాగా వాయించారు. కానీ ఇద్దరూ ఒకటి కాదు. దర్శకుడు ప్రేక్షకుణ్ణి జడ్జి కుర్చీలో కూర్చోబెట్టాడు, ఆ కుర్చీలో చెవుల్లేకుండా ఎలా కూర్చుంటాం?

"మనకు జపనీస్ రాదు, మనం సబ్‌టైటిల్స్ చదువుకుంటాం." నాకైతే దీనికి సరిగ్గా తిరగబడ్డ వాదన కనిపిస్తుంది. కళ్లు సబ్‌టైటిల్ మీద ఉన్నప్పుడే చెవుల మీద భారం ఎక్కువ. ఎవరు మాట్లాడుతున్నారు, ఎంత దూరం నుంచి, నవ్వుతూనా ఏడుపు దిగమింగుకుంటూనా, ఇవన్నీ చెవే చెప్పాలి. సీజన్ మొదటి వారంలో నేను ఏడెనిమిది కొత్త షోలు చూస్తాను. పాత్రల పేర్లు గుర్తుండవు, కొన్నిసార్లు ముఖాలు కూడా కలిసిపోతాయి. గొంతులు మాత్రం గుర్తుంటాయి.

పైగా భాష రాకపోతే వినడం దేనికి అని తెలుగువాళ్లం మనం అనకూడదు. చెన్నైలో సంగీత సభలకి వచ్చేవాళ్లలో ఎంతోమందికి తెలుగు రాదు. త్యాగరాజ కృతులు చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. వాళ్లు తరతరాలుగా ఆ కృతులు వింటున్నారు, నేర్చుకుంటున్నారు, పాడుతున్నారు. 'ఎందరో మహానుభావులు' అనగానే ఒళ్లు గగుర్పొడవడానికి వాళ్లకి వ్యాకరణం అడ్డు రాలేదు. మాట అర్థం వేరు, మాట పలికే తీరు వేరు. రెండోది చేరడానికి భాష అక్కర్లేదు, శబ్దం సరిగా చేరితే చాలు. ఈమధ్య కొన్ని షోలకి తెలుగు డబ్బింగ్ కూడా వస్తోంది. మన నటులు ఎలా పలికారో తేల్చుకోవడానికైనా రెండు ట్రాకులూ మంచి ఇయర్‌ఫోన్స్‌లో పక్కపక్కన వినాలి. నేను అలాగే వింటాను.

"స్ట్రీమింగ్‌లో సౌండ్ పిండేసి వస్తుంది." వస్తుంది. కాదనను. కానీ ఏం పోతుందో చూడాలి. స్ట్రీమింగ్‌లో మామూలుగా వచ్చేది ఏఏసీ ఆడియో. మనిషి చెవి పట్టుకోలేని వివరాలని ముందు వదిలేసేలా తయారుచేసిన పద్ధతి అది. మంచి ఎన్‌కోడర్‌తో (సౌండ్‌ని పిండే సాఫ్ట్‌వేర్‌తో) చేస్తే, సెకనుకి 128 కిలోబిట్ల స్టీరియో ఏఏసీనీ అసలు రికార్డింగ్‌నీ ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే తేడా చాలామంది పట్టుకోలేరు. జపాన్ డిజిటల్ టీవీ ప్రసారం కూడా ఏఏసీలోనే వెళ్తుంది, కాబట్టి అక్కడ ఇంట్లో టీవీ ముందు కూర్చున్న అభిమాని వింటున్నది కూడా కంప్రెస్ అయిన సౌండే. ఫోన్ స్పీకర్ కింది స్వరాలన్నీ మింగేస్తే జరిగే నష్టం ముందు ఏఏసీ లాంటి కోడెక్ చేసే నష్టం చాలా చిన్నది. చిన్న నష్టం చూపించి పెద్ద నష్టాన్ని భరించమంటోంది ఆ మెసేజ్.

'కంప్రెషన్' అన్న మాటని జనం రెండు అర్థాల్లో కలిపేస్తున్నారు, అది కూడా ఇక్కడే చెప్పాలి. ఫైల్ సైజు తగ్గించడం ఒకటి. శబ్దంలో హెచ్చుతగ్గుల్ని నలిపేసి అంతా ఒకే బిగ్గరలో పెట్టడం ఇంకొకటి. రెండో విషయంలో చాలా పాప్ సీడీల కంటే టీవీ అనిమే నయం. జపాన్ ప్రైవేటు టీవీ ఛానళ్లు 2012 అక్టోబరు నుంచి ఒక నియమం పాటిస్తున్నాయి: ప్రోగ్రాం సగటు శబ్దస్థాయి మైనస్ 24 ఎల్‌కేఎఫ్‌ఎస్ దగ్గర ఉండాలి (ఎల్‌కేఎఫ్‌ఎస్ అంటే బిగ్గరని కొలిచే ప్రమాణం, డిజిటల్ సౌండ్‌కి పై హద్దు సున్నా). మరుసటి ఏడాది ఎన్‌హెచ్‌కే కూడా చేరింది. సగటు అంత కింద ఉంది కాబట్టి పైన బోలెడంత జాగా మిగులుతుంది. గుసగుస గుసగుసలా, పిడుగు పిడుగులా ఉండొచ్చు. రైల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అనిమే చూస్తుంటే డైలాగులు మెల్లగా ఉన్నాయే అనిపించడానికి ఇదొక కారణం.

దానికి మందు వాల్యూమ్ పెంచడం కాదు. చెవిలో సరిగ్గా పట్టి బయటి రొద ఆపే రబ్బరు టిప్స్ వాడాలి. పెద్దల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు. వారానికి పది షోలు చూసేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి.

"తేడా తెలియాలంటే లక్ష రూపాయల సెట్ కావాలి." ఒకప్పుడు ఇందులో కొంచెం నిజం ఉండేది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్‌ల (ఓమ్ అంటే విద్యుత్ నిరోధానికి కొలత) హెడ్‌ఫోన్స్‌ని ఫోన్ గట్టిగా నడపలేదు, వాటికి యాంప్లిఫయర్ కావాలి. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్స్ ఎక్కువగా 16 నుంచి 32 ఓమ్‌ల మధ్య ఉంటాయి. వాటికి ఫోన్ ఛార్జింగ్ పోర్టుకి తగిలించే ఒక చిన్న టైప్‌సీ డాంగుల్ చాలు. రెండు వేలకి అటూ ఇటూగా మూన్‌డ్రాప్ లాంటి చైనా కంపెనీలు ఇప్పుడు అమ్ముతున్నవి పదేళ్ల కిందట ఆ ధరకి ఊహకి కూడా రానివి. జపాన్ స్టూడియోల్లో ఎక్కడ చూసినా కనిపించే ఎర్ర గీత సోనీ హెడ్‌ఫోన్స్, ఎండీఆర్ సీడీ900ఎస్‌టీ, 1989 నాటి డిజైన్. ఆ హెడ్‌ఫోన్స్ కూడా లక్షల్లో ఉండవు.

ఆ మెసేజ్‌లో బ్లూటూత్ మాట లేదు కానీ, చవక బ్లూటూత్ దండగ అని ఎవరైనా అంటే సగం ఏకీభవిస్తాను. చవక బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో శబ్దం 200 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం అవుతుంది. అనిమే సెకనుకి 24 ఫ్రేములు, అంటే దాదాపు ఐదు ఫ్రేములు వెనకబడినట్టు. చాలా వీడియో యాప్‌లు బొమ్మని కూడా అంతే ఆపి సర్దుతాయి. సర్దలేని యాప్‌లో కత్తి తగిలాక 'ఖణేల్' వినిపిస్తుంది. వైరు ఉంటే ఈ గొడవే లేదు.

అనిమే పిచ్చి, హెడ్‌ఫోన్స్ పిచ్చి రెండూ అతకవు అనేవాళ్లు టోక్యోలో నకానో బ్రాడ్‌వే గురించి తెలుసుకోవాలి. పాత మాంగా (జపాన్ కామిక్స్), అనిమే బొమ్మలు అమ్మే మందరాకే దుకాణం ఉన్న ఆ భవనంలోనే హెడ్‌ఫోన్ పండగలు నడిపే ఫుజియా ఏవిక్ దుకాణం కూడా ఉంది. మూన్‌డ్రాప్ డబ్బాల మీద అనిమే తరహా అమ్మాయి బొమ్మలు ఊరికే వేయరు. కొనేది ఎవరో వాళ్లకి తెలుసు.

ఇక "బ్లూరే వచ్చేదాకా ఆగు." బ్లూరే సౌండ్ మేలే, ఒప్పుకుంటాను. కానీ సీజనల్‌గా చూడటం అంటే ఆ వారం ఆ వారమే చూడటం. 'ఫ్రీరెన్' మొదటి సీజన్ జపాన్‌లో శుక్రవారం రాత్రి పదకొండుకి వచ్చేది, మనకి రాత్రి ఏడున్నర. ఆ తర్వాతి వారం ఏమవుతుందో అక్కడివాళ్లకీ తెలియదు, ఇక్కడివాళ్లకీ తెలియదు. తొంభై సెకన్ల ఓపెనింగ్ పాట మొదటి వారం కొత్తగా ఉంటుంది, ఆరో వారానికి నోటికి వస్తుంది, చివరి వారం అదే పాట ఎపిసోడ్ మధ్యలో మోగితే గొంతు పట్టేస్తుంది. ఏడాది తర్వాత డిస్క్ తెప్పించుకుని ఒక్క ఆదివారం అన్నీ చూస్తే పాట అదే, ఆ పట్టు రాదు. మన దగ్గర ఆ డిస్కులు చాలావరకు దిగుమతి చేసుకోవాల్సిందే, ఇంజినీరింగ్ కుర్రాడికి అది ఎక్కడి మాట?

మా తమ్ముడు మళ్లీ ఆర్డర్ పెట్టాడు. వచ్చిన రోజు రాత్రి 'యుఫోనియం' ఆ పన్నెండో ఎపిసోడ్ దాకా చూడమని, ఆ సీన్‌లో తెర పడగానే కళ్లు మూసుకోమని చెప్పాను. వారం తర్వాత రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేశాడు. "అన్నా, ఇంకా రిజల్ట్ చూడలేదు, పాజ్‌లో పెట్టా. రెండో అమ్మాయి మొదలుపెట్టే ముందు ఊపిరి తీసుకుంది విన్నావా నువ్వు? నాకు వినిపించింది. మూడుసార్లు విన్నా. నేను ఎవరికి ఓటేశానో చెప్పనా?" అన్నాడు. చెప్పొద్దురా, ముందు ప్లే చెయ్యి అన్నాను.