ఏమిటా అవతారం, మాస్టారూ!

మన భాషలో అవతారం అనే మాటకి రెండు వాడుకలున్నాయి. దేవుడు దిగివస్తే అవతారం. రేగిన జుట్టుతో, ఎగుడుదిగుడుగా పెట్టుకున్న గుండీలతో ఎవడైనా ఎదురైతే “ఏమిట్రా ఆ అవతారం!” అంటాం, అదీ అవతారమే. చదువుల్లోకి దిగిన డిజిటల్ అవతార్, అంటే తెర మీద మాస్టారిలా పాఠం చెప్పే కంప్యూటర్ బొమ్మ, మొదటి కోవకి చెందినదని అమ్మేవాళ్ళు గట్టిగా చెబుతున్నారు. నేను కాదనను. ఒక పాఠం పూర్తిగా చూశాక కూడా కాదనను.

ఆ పాఠంలో మాస్టారు కోటు వేసుకున్నారు. జుట్టు చెదరదు, గొంతు బొంగురు పోదు. “ఈ త్రిభుజాన్ని గమనించండి” అంటూ కుడివైపుకి చెయ్యి చాచారు. త్రిభుజం ఎడమవైపుంది. “5 సెం.మీ.” వచ్చినచోట “ఐదు సెం... మీ” అన్నారు. ఆ ‘మీ’ మమ్మల్ని గౌరవించి అన్నట్టే వినబడింది. అరగంటలో ఒక్కసారీ తడబడలేదు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన మాస్టారైతే బోర్డు మీద సగంలో ఆగిపోయి, “ఎక్కడో తప్పేశాన్రా, ఎవరైనా పట్టుకోండి” అనేవారు. అప్పటిదాకా కునుకుతున్న చివరి బెంచీ కూడా లేచి వెతికేది. అలాంటి లోపాలన్నీ ఇప్పుడు సరిచేశారు.

ఇక ముఖం సంగతి. 2016లో అమెరికాలోని జార్జియా టెక్ ఒక ఆన్‌లైన్ కోర్సులో జిల్ వాట్సన్ అనే సహాయకురాలిని పెట్టింది. విద్యార్థుల సందేహాలకి రాతలో జవాబులిచ్చేది. అది యంత్రమని సెమిస్టర్ చివర్లో చెప్పేదాకా చాలామందికి తెలియనే లేదు. దానికి ముఖం లేదు, కోటూ లేదు. అయినా పని జరిగిపోయింది. ఈ ముక్క అమ్మేవాళ్ళ చెవిన పడకుండా చూడాలి, పాపం. మనిషిలా ఉండీ ఉండనట్టున్న ముఖం చూస్తే మనసు గగుర్పొడుస్తుందని జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే రాశాడు. పిల్లలకి కాస్త భయం ఉండాలి కాబట్టి దాన్నీ లాభం కిందే జమ వేద్దాం.

గొడవంతా కొందరు పరిశోధకులతోనే. వాళ్ళు అవతారాన్ని వేదిక మీంచి దించి బెంచీలో కూర్చోబెట్టారు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో తయారైన బెట్టీ అనే బొమ్మ విద్యార్థినికి ఏమీ రాదు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే చేపలకేమవుతుందో పిల్లలే కారణం నుంచి ఫలితానికి బాణం గుర్తులు గీసి దానికి నేర్పాలి. తర్వాత బెట్టీ క్విజ్ రాస్తుంది. అది తప్పితే, తప్పు నేర్పినవాళ్ళది. ఇలా నేర్పే పిల్లలు తమకోసం చదువుకునే పిల్లలకన్నా ఎక్కువసేపు చదివారని ఒక అధ్యయనంలో తేలింది కూడా. సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు, కొత్త టీచర్లు సాధన చేసుకోడానికి తెర మీద అవతార్ పిల్లల క్లాసునే పెట్టారు. ఆ పిల్లలు మాట వినరు, అడ్డు ప్రశ్నలు వేస్తారు. వాళ్ళ గొంతుల వెనక తెరచాటున ఓ మనిషి కూర్చుని ఉంటాడు. పాఠం అప్పజెప్పడం యంత్రానికి వచ్చేసింది గానీ, అల్లరికి మాత్రం మనిషినే పెట్టుకోవలసి వచ్చింది.

ఇవేవీ మనకి పనికొచ్చేవి కావు. ఏమీ రాని బొమ్మని ఏ కమిటీ కొంటుంది? అందుకని కోటు మాస్టారినే ఖాయం చేయాలని నా సిఫార్సు. ఒకే ఒక్క సవరణ: ఆ త్రిభుజాన్ని కుడివైపుకి జరపండి.