పులికాట్ ఆరోగ్యం ఆల్చిప్పల్ని అడగాలి

తిరుపతికి సముద్రంతో పనేమిటని నవ్వేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో సూళ్ళూరుపేట, తడ మనవయ్యాయి. దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్‌లో పెద్ద భాగం కూడా వాటితోనే వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి దాన్ని మనం తలుచుకునేది ఫ్లెమింగో పండగకే. స్టేజీ, ఫ్లెక్సీలు, మంత్రుల ప్రసంగాలు, పక్షులు ఎన్నొచ్చాయన్న లెక్క. పక్షిదేముంది, నీళ్ళు నచ్చకపోతే ఎగిరిపోతుంది. పులికాట్ సంగతి తేలాలంటే కదల్లేని జీవాన్ని అడగాలి. రాయికి అతుక్కున్న ఆల్చిప్పని, బురదలో కూరుకున్న గుల్లని.

ఆల్చిప్ప తిండికి ఎక్కడికీ వెళ్ళదు. నోరు తెరిచి గంటకు లీటర్ల కొద్దీ నీళ్ళు లాగి, వడకట్టి, నలుసుల్ని తిని వదులుతుంది. నీళ్ళలో సీసం ఉంటే దాని ఒంట్లో చేరుతుంది, కాడ్మియం ఉంటే అదీ చేరుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. పులికాట్‌లో ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, ఆరణి నీళ్ళు దిగినప్పుడు ఉప్పదనం అందులో సగానికంటే కిందికి పడిపోతుంది. ఎండాకాలం కొన్నిచోట్ల సముద్రాన్నే మించిపోతుంది. మంచినీళ్ళు మీద పడ్డప్పుడు ఆల్చిప్ప రెండు చిప్పలూ బిగించేసుకుని రోజుల తరబడి ఊపిరి బిగబట్టినట్టు ఉండిపోతుంది. అన్నాళ్ళూ తిండీ లేదు, ఎదుగుదలా లేదు. చిప్ప మీద వేలితో రాస్తే తగిలే గరుకు గీతల్లో అలాంటి గడ్డురోజుల గుర్తులు కూడా ఉంటాయి. ఇంత చిట్టా రాసిపెట్టిన జీవం మన దగ్గరుంటే, దాన్ని మనం గుల్లసున్నంగానే ఎరుగుదుం.

అమెరికా వాళ్ళు 1986 నుంచి తమ తీరమంతటా గుల్లల్ని కోసి కాలుష్యం లెక్క కడుతున్నారు. అంత దూరం ఎందుకు, ఈ విద్య పునాది మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) గోడల్లోనే ఉంది. ఇక్కడి జంతుశాస్త్ర విభాగానికి పేరు తెచ్చిన ఆచార్య కె. పంపాపతిరావు 1953, 54 సంవత్సరాల్లో ప్రచురించిన పరిశోధన అమెరికా తీరంలోని మస్సెల్ గుల్లల మీదే. చలి ప్రాంతపు మస్సెల్‌నీ వెచ్చటి ప్రాంతపు మస్సెల్‌నీ ఒకే వేడిమి నీళ్ళలో పెడితే చలి ప్రాంతానిదే జోరుగా నీళ్ళు తోడుతుందని ఆయన చూపించారు. ఇంకో విచిత్రం. ఆటుపోట్లు లేని ప్రయోగశాల తొట్టెలో కూడా అవి తమ ఊరి ఆటుపోట్ల లయలోనే నీళ్ళు తోడాయి. వేరే తీరానికి మారిస్తే ఆ లయ అక్కడి ఆటుపోట్లకు తగ్గట్టు మారింది. ఆ తర్వాత తిరుపతిలో చెరువు గుల్లల మీద దశాబ్దాల పాటు పని జరిగింది. అంతటి వారసత్వం ఉన్న ఊరికి ఇప్పుడు సొంత తీరం దొరికితే ఎవరికీ పట్టదా?

మత్స్యకారుల మాట వేరు. 'ముందు సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారాల పూడిక తియ్యండి, నీళ్ళొస్తే చేపా రొయ్యా వాటంతటవే వస్తాయి, మీ పరిశోధనలు మా కడుపు నింపవు' అంటారు. పూడిక తియ్యాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ తీసిన ఇసుక మళ్ళీ మేట వేస్తుంది. సముద్రపు నీరు ఏ ఊరి దాకా ఎక్కిందో, ఎక్కడ ఆగిపోయిందో బిల్లు చేసుకున్న కాంట్రాక్టరు చెప్పడు, కొత్తగా వచ్చి స్థిరపడ్డ గుల్లపిల్లలు చెబుతాయి. పైగా కడుపు నిండదన్న మాట కేరళలో తప్పని తేలింది. అక్కడి అష్టముడి సరస్సులో గుల్లలు తరిగిపోతుంటే శాస్త్రవేత్తల సలహాతో గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపారు, వల కన్ను పెంచారు, చిన్నవాటిని వదిలేశారు. 2014లో ఆ గుల్లల వేటకు మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ (ఎంఎస్‌సీ) ఇచ్చే అంతర్జాతీయ ధ్రువీకరణ వచ్చింది, దేశంలో అదే మొదటిది. ఆ లాభం వేటగాళ్ళకే కదా.

అసలు రోగం పులికాట్‌ది కూడా కాదు, మన విశ్వవిద్యాలయాలది. ఒకే చోట పాతికేళ్ళు నిలబడి ఒకే జీవాన్ని చూసే ఓపికకు ఇక్కడ మార్కుల్లేవు. మూడేళ్ళ ప్రాజెక్టు, నాలుగు పేపర్లు, ప్రమోషన్, అంతే. ఖాళీ పోస్టుల్లో గెస్టు లెక్చరర్లను కూర్చోబెట్టి, జీతం ఎప్పుడొస్తుందో తెలియని ఆ పిల్లల్ని బురదలోకి దిగి గుల్లలు కొలవమంటే ఎవరు దిగుతారు? 2015లో వచ్చిన కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఒకవైపు, ఎస్వీయూ ఇంకోవైపు ఒకే జిల్లాలో ఉన్నాయి. రెండూ కలిసి తీరంలో ఒక శాశ్వత కేంద్రం పెట్టుకోవడానికి అడ్డేమిటో అర్థం కాదు. శ్రీసిటీ, నాయుడుపేటల్లో ఫ్యాక్టరీలు పెరిగే కొద్దీ 'మునుపు నీళ్ళు ఎలా ఉండేవి' అన్న ప్రశ్న కోర్టుల దాకా వస్తుంది. ఇవాళ్టి లెక్క ఇవాళే రాసి పెట్టుకోకపోతే అప్పుడు ఏ ప్రొఫెసరూ చూపించలేడు.

దీనికి కోట్లు అక్కర్లేదు. ఉప్పదనం కొలిచే మీటర్లు, ఇద్దరు రీసెర్చి స్కాలర్లకు నెలనెలా ఆగకుండా వచ్చే ఫెలోషిప్పు, సరస్సు లోతులు ఎరిగిన స్థానిక జాలరి ఒకరికి జీతం చాలు. పులికాట్ ఒడ్డున భీమునివారిపాలెంలో ఫ్లెమింగో పండక్కి పర్యాటకులను తిప్పడానికి పడవలు దొరుకుతున్నాయి. మిగతా రోజుల్లో వాటిలో ఒకటి ఈ పనికి కేటాయించమని కలెక్టర్ చెబితే చాలు, కేబినెట్ దాకా వెళ్ళక్కర్లేదు.