2 శాతం లెక్క సరే, దాన్నుంచి తీసిన తీర్పే తప్పు

అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీల పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. దాని సారం: టెక్ స్టార్టప్ నడపడం ఆడవాళ్ల వల్ల కాదు. అమెరికాలోనే వాళ్లకు దక్కేది 2 శాతం పెట్టుబడి, మరి పెట్టుబడిదారులు పిచ్చోళ్లా? ఆడవాళ్లు రిస్క్ తీసుకోరు. పేరు భార్యది, పని భర్తది. ఇక మన సీమలో అసలు కుదరదు. చివర్లో "ఆడపిల్ల ఉన్న ప్రతి తండ్రికీ పంపండి" అని విన్నపం కూడా.

ముందు ఆ 2 శాతం చూద్దాం. అంకె దాదాపు సరైనదే. కానీ అది వ్యవస్థాపకులు అందరూ మహిళలే అయిన అమెరికా కంపెనీల వాటా. ఆడా మగా కలిసి పెట్టినవి అందులో లేవు. పైగా చెక్కు రాసేవాళ్లు ఎవరిని ఎంచుకున్నారో చెప్పే లెక్క అది. కంపెనీని ఎవరు బాగా నడిపారో దాంట్లో తెలియదు.

ఆ ఎంపిక ఎలా జరుగుతుందో పరీక్షించినవాళ్లు ఉన్నారు. 2014లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో ఒకే వ్యాపార ప్రతిపాదనను, ఒక్క మాట మార్చకుండా, మగ గొంతుతోనూ ఆడ గొంతుతోనూ వినిపించారు. 68 శాతం మంది మగ గొంతు వైపే మొగ్గారు. న్యూయార్క్‌లో జరిగిన ఒక స్టార్టప్ పోటీలోని ప్రశ్నలను మరికొందరు పరిశీలించారు. మగవాళ్లను అడిగినవాటిలో 67 శాతం "ఎంత ఎదుగుతారు" అన్న తరహావి. ఆడవాళ్లను అడిగినవాటిలో 66 శాతం "నష్టం రాకుండా ఎలా చూసుకుంటారు" అన్న తరహావి. పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తావా అని మన దగ్గర ఆడపిల్లల్ని అడుగుతారే, ఆ ప్రశ్నకు ఇది దగ్గరి చుట్టం.

మరి నడిపిన తీరు? 2018లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ 350 స్టార్టప్‌ల లెక్కలు తీసింది. మహిళలు పెట్టిన, లేదా పెట్టినవాళ్లలో మహిళలున్న కంపెనీలు ప్రతి డాలరు పెట్టుబడికి 78 సెంట్ల ఆదాయం తెచ్చాయి. మగవాళ్లు పెట్టినవి 31 సెంట్లు. పిచ్చోళ్లు ఎవరో ఫార్వర్డ్ రాసినవాళ్లే తేల్చుకోవాలి.

రిస్క్ మాట అనంతపురంలో కూర్చుని అనడానికి కాస్త ధైర్యం కావాలి. వాన ఎప్పుడొస్తుందో తెలియని జిల్లాలో వేరుశనగ విత్తనానికి, బోరుకు ఎన్ని ఇళ్లలో ఇల్లాలి బంగారం బ్యాంకుకు వెళ్లలేదు? అది పెట్టుబడే. పేరు మాత్రం ఆమెది ఉండదు.

"పేరు భార్యది, పని భర్తది" అన్నదాంట్లో కొంత నిజం ఉంది. సర్పంచ్ కుర్చీలో భర్త కూర్చోవడం మనం చూస్తున్నదే. కాగితం మీద భార్యను డైరెక్టర్‌గా పెట్టే కంపెనీలూ ఉన్నాయి. అందుకే, కేంద్రం గుర్తించిన స్టార్టప్‌లలో దాదాపు సగం వాటిలో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉన్నారన్న ప్రభుత్వ లెక్కను నేను ఇక్కడ ఆయుధంగా వాడను. డైరెక్టర్ అయినంత మాత్రాన నడిపినట్టు కాదు. అయితే ఫల్గుణి నాయర్ సంగతేమిటి? 2012లో, యాభై ఏళ్ల వయసు దగ్గరపడ్డాక, సౌందర్య సాధనాలు ఆన్‌లైన్‌లో అమ్మే నైకా పెట్టారు. 2021లో దాన్ని స్టాక్ మార్కెట్‌కు తెచ్చారు. ఆమె నైకాను కడుతున్న ఆ ఏళ్లలో భర్త కేకేఆర్ అనే పెట్టుబడి సంస్థ భారత విభాగాన్ని నడుపుతూ తన పనిలో తాను ఉన్నారు.

పిల్లలు పుడితే ఆగిపోతుందని వాదించేవాళ్లకు స్టెఫనీ షిర్లీ. 1962లో ఇంగ్లండ్‌లో ఆమె సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టింది, పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ప్రోగ్రామర్లను ఇంటి నుంచి పనిచేయించడానికే. ఉత్తరాల కింద స్టెఫనీ అని ఉంటే జవాబులు రావట్లేదని "స్టీవ్" అని సంతకం చేసింది. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రామింగ్ చేసింది ఆ మహిళలే.

ఇక సీమ. కర్నూలు జిల్లా ఓర్వకల్లు పొదుపు సంఘాల మహిళలు 1990ల నుంచి రూపాయి రూపాయి పోగేసి, అప్పులిచ్చి, వసూలు చేసి చూపించారు. టెక్ స్టార్టప్ వేరు, ఒప్పుకుంటాను. దానికి ఇంకా పెద్ద పెట్టుబడి కావాలి, తొలి కస్టమర్ కావాలి. ఇక్కడి అమ్మాయికి అడ్డొచ్చేదీ అక్కడే: పూచీగా చూపడానికి పొలం నాన్న పేరున ఉంటుంది, ఇల్లు అన్న పేరున. మహిళలకు 10 లక్షల నుంచి కోటి దాకా రుణాల కోసం 2016లో స్టాండప్ ఇండియా పథకం తెచ్చారు. వ్యక్తులు కాక కంపెనీ అడిగితే 51 శాతం వాటా ఆమె పేరున ఉండాలని అందులో షరతు పెట్టారు. ఆడపిల్ల ఉన్న తండ్రులకు ఏదైనా పంపాలనుకుంటే, ఆస్తిలో ఆమె వాటాను ఆమె పేరున రాయమని పంపండి.